తాడు వదలని చేతులు

నాకు తెలియని పని నా కళ్ల ముందు జరిగితే నాకు అన్నం సహించదు. మా ఆవిడ గంగక్క దీన్ని రోగం అంటుంది. పెళ్లయి ముప్పై ఎనిమిదేళ్లయింది, ఇంకా అంటూనే ఉంది. అనుకోనీ. మే నెల ఎండలో, గోదావరి ఇసుకలో, ఒక ఆడపిల్ల ఒంటరిగా నిలబడి ఇంటి కప్పంత పతంగిని ఎగరేస్తుంటే వల కుట్టుకుంటూ కూర్చోవడం ఎవడి తరం? వల అక్కడే పడేసి వెళ్లాను.

దగ్గరికి పోయి చూస్తే మన దేవ్లా మనవరాలు హేమలత. దేవ్లాది మా ఊరి పక్క తండా. మణుగూరు గనిలో బండి నడిపి రిటైరయ్యాడు. ఈ పిల్ల చదువుకుని కోస్తా వైపు ఏదో ఉద్యోగం చేస్తోందని విన్నానే గానీ ఏం ఉద్యోగమో ఎవరూ సరిగ్గా చెప్పలేదు.

"ఏందే బిడ్డా, గింత ఎండల పతంగులాట? పిచ్చి గిట్ల లేసిందా?"

"ఆట కాదు జంపయ్య తాతా. నా నౌకరీ ఇదే."

నౌకరీ! పతంగి ఎగరేస్తే జీతమిచ్చే మహానుభావుడు ఎవడో నాకు వెంటనే తెలుసుకోవాలనిపించింది. అడిగాను. సముద్రం ఒడ్డున ఒక స్కూలు ఉందట. కాళ్ల కింద పలక, నడుముకు పట్టా, చేతిలో కడ్డీ, ఆ కడ్డీ నుంచి తాళ్లు, తాళ్ల చివర పతంగి. గాలి పతంగిని లాగుతుంది, పతంగి మనిషిని లాగుతుంది, మనిషి నీళ్ల మీద జారుతూ పోతాడు. దాన్ని కైట్ సర్ఫింగ్ అంటారట. ఈమె అది నేర్పే టీచరు.

"గాలి లేకుంటే?"

"ఒడ్డున కూసుంటం."

"గాలి ఎక్కువైతే?"

హేమలత గబగబా తాళ్లు చుట్టుకుని వెళ్లిపోయింది. నేను ఊరుకునే రకమా? మర్నాడు మూడు గంటలకే ఇసుకలో కాపు కాశాను. ఆ మర్నాడూ అంతే. మూడో రోజు విసిగిపోయి చెప్పేసింది.

రెండు నెలల కిందట, మధ్యాహ్నం పూట, సముద్రం మీది నుంచి రోజూ వచ్చే గాలి ఉన్నట్టుండి ఆగిపోయిందట. రెండు నిమిషాలు ఆకు కదల్లేదు. తర్వాత దిక్కు మార్చుకుని రెట్టింపు జోరుతో కొట్టింది. అప్పుడు శ్రీను అనే కుర్రాడు కడ్డీ పట్టుకుని ఉన్నాడు. ఆమె దగ్గర నేర్చుకుంటున్నవాడు. పతంగి వాణ్ణి ఈడ్చుకుపోయి రాళ్లలో పడేసింది. కాలు రెండు చోట్ల విరిగింది.

"గాలి మారేముందు గుర్తులుంటయ్ తాతా. నేను చూడాల్సింది. చూడలే. ఆ పోరడు దవాఖానా నుంచి ఎన్నిసార్లు ఫోన్ చేసిండో. ఎత్తలే. ఏం మొఖం పెట్టుకొని ఎత్తాలె?"

నౌకరీ మానేస్తానని ఉత్తరం రాసి ఫోన్‌లో పెట్టుకుంది. వస్తుందో రాదో ఆదివారం లోపు స్కూలుకు చెప్పాలి. మా ఇసుకలో సాయంత్రం పూట గాలి ఇలాగే తిరగబడుతుందని దేవ్లా అన్నాడట. దాన్ని ముందే పట్టగలిగితే వెళ్తుంది. పట్టలేకపోతే ఆ ఉత్తరం పంపేస్తుంది. ఆ గాలి గుర్తులు నీకు తెలుసా అని నన్నడిగింది. పన్నెండో ఏట నుంచి నీళ్ల మీద తిరిగే ఆశ ఉన్న పిల్ల, తండాలో ఆ పని చేసే మొదటి పిల్ల, ఇలా అంటుంటే నాకు జాలేసింది. కొంచెం గర్వమూ కలిగింది, అబద్ధమెందుకు? గాలి గురించి అడిగింది నన్ను గదా.

"కూసో బిడ్డా. గాలి సంగతి నాకిడిసిపెట్టు."

పగలంతా మాకు పడమటి వడగాలి. నాలుగు దాటాక అది టక్కున ఆగిపోతుంది. మెడ వెనక చెమట ఆరదు. ఇసుక తిన్నె మీద కొంగలు అన్నీ ఒకే దిక్కుకు తిరుగుతాయి. అప్పుడు కింద మలుపు దగ్గర నీళ్లు నల్లబడతాయి. ఆ నలుపు మన వైపు నడుచుకుంటూ వస్తుంది. అదే కింది గాలి.

"అది సముద్రం గాలేమో తాతా. నది వెంబడి గింత దూరం వస్తదంటరు."

"పో పిల్లా! సముద్రమేడ, మనమేడ? పాపికొండలు దాటి, భద్రాచలం దాటి గీడికి రానీకి గాలికేమన్న బస్సు పాసుందా?"

"నాకూ ఖాయంగ తెల్వదు. వాసన చూడు."

ఇద్దరం ముక్కులు పైకెత్తి పీల్చాం. నాకు నా చేతుల చేపల వాసన తప్ప ఏమీ తగల్లేదు. కానీ ఆ మాట నన్ను పట్టుకుంది. ఆ రాత్రి గంగక్కను కూడా అడిగాను. ఉప్పు వేసిన అంబలి తాగి పడుకోమంది.

శుక్రవారం నాటికి హేమలత నాకంటే ముందే పట్టింది. "ఆగుతది" అంది, ఆగింది. "మలుపుకాడ నలుపు" అంది, ఉంది. భేష్ అని నేను తొడ చరిచాను. ఆమె మొహంలో మాత్రం వెలుగు రాలేదు. "ఈడ పట్టిన సరే. ఆడ పట్టకపోతే? ఇంకొకని కాలు ఇరగాలె గదా" అంది.

శనివారం నేను తట్టుకోలేకపోయాను. ఒక్కసారి పట్టుకుంటానని బతిమాలాను. ఆమె కొత్తవాళ్లకిచ్చే చిన్న పతంగి తెచ్చింది. నడుముకు పట్టా లేదు, ఉత్త కడ్డీ. ఇచ్చేముందు ఎదురుగా నిలబడి చెప్పింది.

"గాలి జోరుగ లాగితే కడ్డీ ఇడిసిపెట్టాలె. మొత్తం ఇడిసిపెడితే పతంగి దానంతట అదే సల్లబడ్తది. ఏం చేస్తవ్, చెప్పు?"

"ఇడిసిపెడ్త."

"మళ్లా చెప్పు."

మూడుసార్లు చెప్పించింది. చిన్నపిల్లవాణ్ణి చేసిందని నాకు మండింది. గాలిలో పుట్టి పెరిగినవాణ్ణి నేను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. వయసులో ఉన్నప్పుడు నేను పన్నెండేళ్లు వెదురు తెప్పల మీద పనిచేశాను. అడవిలో కొట్టిన వెదుర్లు కట్టలు కట్టి గోదావరి మీద కిందికి తోలేవాళ్లం. మా మేస్త్రీ ముత్యాలు మొదటి రోజే నా చేతుల్లో తాడు పెట్టి, వేళ్ల మీద బెత్తంతో కొడుతూ "చేతులు తెగినా తాడు ఇడువొద్దు" అన్నాడు. వదిలితే తెప్ప పోతుంది, తెప్ప మీది మనుషులు పోతారు. ఒకసారి సుడిలో నా అరచేతి తోలు ఊడింది, తాడు మాత్రం వదల్లేదు. ఆ రోజు నుంచి ముత్యాలు నన్ను కొట్టలేదు.

పతంగి లేచింది. అబ్బ! భుజాల దాకా పాకింది ఆ లాగుడు. ఎడమకు తిప్పితే ఎడమకు, కుడికి తిప్పితే కుడికి. నేను గట్టిగా నవ్వాను. అంబలి చెంబు పట్టుకుని వచ్చిన గంగక్క "ముసలోనికి పెండ్లి కుదిరినట్టుంది" అని ఎగతాళి చేసింది.

అంతలో గాలి ఆగింది. పతంగి వేలాడింది. కొంగలు తిరిగాయి. ముందుగా చూసింది నేనే.

"కింది గాలి! మలుపుకాడ సూడు, వస్తున్నది!" అని నేనే అరిచాను.

"అవ్ తాతా, కడ్డీ ఇడువు! ఇప్పుడే ఇడువు!"

నాకు వినిపించింది. అర్థమూ అయింది. "ఆఁ, ఇడుస్తున్న" అని జవాబు కూడా చెప్పాను. చేతులేమో బిగుసుకున్నాయి. గాలి కొట్టగానే కడ్డీని గుండెలకేసి లాక్కున్నాను. అలా లాక్కుంటే పతంగికి బలం పెరుగుతుందట, ఆ తర్వాత చెప్పింది. నేను బోర్లా పడ్డాను. ఇసుక నోట్లోకి, కళ్లలోకి పోయింది. ఎదురుగా ఒడ్డు బండలు. వాటి మీదికే పోతున్నాను.

"ఓ ముసలోడా, ఇడువుర్రా!" అని గంగక్క కేక. పెళ్లయినప్పటి నుంచి నన్ను రా అనడం అదే మొదలు.

హేమలత వచ్చి నా వీపు మీద దూకింది. నా వేళ్లు ఒక్కొక్కటే విప్పబోయింది. రాలేదు. చివరికి నా బొటనవేలు కసుక్కున కొరికింది. అప్పుడు తెరుచుకుంది చెయ్యి. పతంగి పోయి నీళ్లలో పడి చప్పబడింది. బండలకూ నాకూ మధ్య నాలుగు బారలు ఉందేమో.

గంగక్క ఏడుస్తూనే తిట్టింది. "చెవులల్ల సీసం పోసుకున్నవా? ఆ పిల్ల గంతగనం మొత్తుకుంటుంటే ఇనబడలేదా?"

"ఇనబడ్డదే. గాలిని ముందు సూసిందే నేను. ఇడుస్తున్న అని గూడ అన్న. చేతులు ఇనలే, నేనేం జెయ్యను?"

నా వేలికి చున్నీ చింపి కట్టబోతున్న హేమలత ఆగిపోయింది.

"ఏమన్నవ్ తాతా? మళ్లా చెప్పు."

"చేతులు ఇనలే బిడ్డా."

ఆమె ఇసుకలో చతికిలబడింది. మెల్లగా అంది. "శ్రీనుతోని గూడ మూడుసార్లు చెప్పించిన. మూడుసార్లు ఇడిసిపెడ్త అన్నడు. ఇన్ని రోజులు నేను గాలినే చూసుకుంట కూసున్న. పోరని చేతులు చూడలే."

అని లేచింది. నీళ్లలోంచి కడ్డీ తెచ్చింది, నా వల తాడు దానికి కట్టింది, రెండో కొస గంగక్కకు ఇచ్చింది. "చెప్పకుండ లాగు అవ్వా. నీ ఇష్టమొచ్చినప్పుడు లాగు. తాతా, లాగిన ఎంబడే చేతులు తెరువు."

మొగుణ్ణి లాగమంటే మా గంగక్కకు చెప్పాలా? మాట్లాడుతూ లాగింది, అటు తిరిగి ఉన్నట్టు నటించి లాగింది, అంబలి తాగుతూ లాగింది. మొదటి పదిసార్లలో నేను వదిలింది ఒక్కసారి. ప్రతిసారీ ముత్యాలు బెత్తం వేళ్ల మీద పడ్డట్టే ఉండేది. చీకటి పడేదాకా చేశాం. ఆదివారం పొద్దున్నే మళ్లీ చేశాం. నలభయ్యో యాభయ్యో అయ్యాక, గంగక్క లాగగానే నా చేతులు వాటంతటవే తెరుచుకున్నాయి. నేను అనుకోనైనా లేదు. అరచేతుల వైపు చూసుకుంటే ఎందుకో ఏడుపొచ్చింది.

హేమలత అక్కడే నిలబడి ఫోన్ తీసింది. చేతులకు ఇసుక అంటి ఉందని స్పీకర్ పెట్టి రాయి మీద ఉంచింది.

"శ్రీనూ, నేను హేమలతను."

అవతలి నుంచి సన్నటి గొంతు. "అక్కా! నా మీద కోపం పోయిందా?"

"కోపమా? నాకెందుకు కోపం?"

"మీరు వదిలెయ్, వదిలెయ్ అని అరుస్తూనే ఉన్నారు. నేను వినలేదని ఫోన్ ఎత్తట్లేదేమో అనుకున్నా. విన్నానక్కా. అమ్మతోడు, విన్నాను. చేతులు రాలేదు."

హేమలత చేత్తో నోరు మూసుకుంది. రెండు నెలలుగా ఆ పిల్లవాడు మంచం మీద, ఈ పిల్ల తండాలో, ఎవరి మటుకు వాళ్లు తప్పు నాదే నాదే అనుకుంటూ పడి ఉన్నారు.

"నీ తప్పు కాదు శ్రీనూ. నేను నోటితో చెప్పిన, నీ చేతులకు నేర్పలే. రేపు బయలుదేరుతున్న. ఇగ అందరికీ నేర్పుత."

"అయితే కాలు నయమవ్వగానే నేనూ వస్తానక్కా. ఈసారి ముందు వదలడం నేర్పించండి, ఎగరడం తర్వాత."

సరే అని ఫోన్ పెట్టేసి, అందులోని ఆ ఉత్తరాన్ని హేమలత నా ముందే చెరిపేసింది.