రెండు నోళ్ళున్న మూగవాణ్ణి

నేను ఒక ఉక్కు గొట్టాన్ని. పొడవు పన్నెండు మీటర్లు. నోళ్ళు రెండున్నా ఇరవై ఏళ్ళు ఒక్క మాట మాట్లాడే వీలు లేకపోయింది. రెండింటినీ అటూ ఇటూ ఉన్న గొట్టాలకు వెల్డింగ్ చేసి అతికించేశారు. ఇప్పుడు తెరుచుకున్నాయి కాబట్టి చెబుతున్నాను, వినండి.

ఉక్కు రేకును చుట్టి నన్ను తయారుచేశారు. తుప్పు పట్టకుండా ఒంటికి నల్లటి తొడుగు వేశారు. సముద్రపు ఒడ్డునున్న చమురు శుద్ధి కర్మాగారం నుంచి దూరాన ఉన్న పట్టణాల దాకా నాలాంటి వేలమందిని వరసగా అతికించి, అతుకు అతుక్కీ ఎక్స్‌రే తీశారు. మనుషులు తమ గుండెకు కూడా అంత శ్రద్ధగా తీయించుకోరు. పెద్దాపురం దగ్గర నన్ను మీటరున్నర లోతున పాతిపెట్టారు. పాతిపెట్టాక ఎవరూ ఏడవలేదు సరికదా, కొబ్బరికాయ కొట్టి లడ్డూలు పంచుకున్నారు.

అంతకు ముందు పెట్రోలూ డీజిలూ లారీ ట్యాంకర్లలో, రైలు వ్యాగన్లలో వెళ్ళేవట. నేనొస్తే రోడ్డు ఖాళీ అవుతుందన్నారు. అయ్యింది. ఆ ఖాళీలోకి నాలుగింతల కార్లు తెచ్చి, వాటికి పెట్రోలు పంపమని మళ్ళీ నా మీదే పడ్డారు.

నా కడుపులో పెట్రోలు వెళ్తుంది, దాని వెనకే డీజిలు. మధ్యలో గోడ ఉండదు. సరిహద్దు దగ్గర రెండూ కాస్త కలుస్తాయి. ఆ కలిసినదాన్ని చివరి స్టేషనులో వేరే ట్యాంకులోకి మళ్ళిస్తారు. దారిపొడవునా పంపులు వెనకనుంచి తోస్తుంటాయి. ఎక్కడో కంట్రోల్ రూములో చల్లగా కూర్చున్నవాళ్ళు తెర మీద నా ఒత్తిడి చూసుకుంటూ, తమ ఒత్తిడి పెంచుకుంటుంటారు.

నాలో సగం మరిడమ్మ చేను కింద ఉండేది, సగం పక్క చేను కింద. మరిడమ్మకు అరవై ఏళ్ళుంటాయి. కర్రపెండలం వేసేది. నా మీద చెట్లు నాటకూడదు, ఇల్లు కట్టకూడదు అని చెప్పిన ప్రతి ఆఫీసరునూ ఆవిడ ఒకటే అడిగేది: "మరి తిట్టుకోవచ్చాండీ?"

నా మీద రోజూ నడిచి కాపలా కాసేవాడు దొరబాబు. లైన్‌మీద తవ్వకాలూ తడీ ఏమైనా ఉన్నాయేమో చూడటం అతని పని. మంచివాడే, కాకపోతే నేలను చూసి నడవాల్సినవాడు ఫోను చూసి నడిచేవాడు.

ఒక వేసవిలో పక్క చేనును శేషగిరి అనే అతను కౌలుకు తీసుకుని, కోళ్ళఫారమని చెప్పి రేకుల షెడ్డు వేశాడు. నా మీద ఏమీ కట్టకూడదన్న హద్దు దాటి అవతలే వేశానని కొలిచి మరీ చూపించాడు. దొరబాబు అతనిచ్చిన టీ తాగి, కొలత సరిపోయిందని రాసుకున్నాడు. ఆ షెడ్డులోంచే, పట్టపగలే, కింద సొరంగం తవ్వుకుంటూ వచ్చి నా పక్కలో కన్నం వేశారు. చిన్న గొట్టం దించి, అతుకు పెట్టి, కుళాయి తిప్పుకుని డీజిలో పెట్రోలో ఏది వస్తే అది పట్టుకున్నారు. కెవ్వుమందామంటే నోరేదీ?

పంపినంత చమురు చేరడంలేదని ఆఫీసులో తేలింది. ఆఫీసరు దొరబాబును పిలిచి, "నీకు తెలీకుండా ఎలా జరుగుతుంది? ఈ నెలలో తేలకపోతే నీ ఉద్యోగం పోయినట్టే, కేసు కూడా నీమీదే" అన్నాడు. ఆ రోజు మొదటిసారి దొరబాబు ఫోను జేబులో పెట్టుకుని నా మీద నడిచాడు. తడి కనిపించిన చోటల్లా వంగి మట్టి తీసి వాసన చూశాడు.

లోపల శుభ్రంచేస్తూ వెళ్ళే బరువైన యంత్రం ఒకటుంది. దాన్ని ఇంగ్లీషులో పిగ్ అంటారు. అది రాబోతోందని పొలాలవాళ్ళకు చెప్పడం దొరబాబు పని. ఎంత బెంగలో ఉన్నా వెటకారం పోలేదతనికి.

"మరిడమ్మగారూ, రేపు పది గంటలకి మీ చేలోంచి పంది వెళ్తుందండీ."

"ఆఫీసువోళ్ళు టైము చెప్పి మరీ పందిని తోలతన్నారా? రానీ, దాని సంగతి చూత్తాను!"

అడవిపందులు అంతకు ముందే ఆవిడ దుంపలు సగం తవ్విపోశాయి. పొద్దున్నే దుడ్డుకర్ర పట్టుకుని గట్టు మీద కూర్చుంది. పది దాటాక పిగ్ నాలోంచి దూసుకొచ్చి, లోపలికి పొడుచుకొచ్చిన దొంగ గొట్టం కొసను గుద్ది వెళ్ళిపోయింది. అతుకు చిట్లింది. పెట్రోలు సొరంగంలోకి చిమ్మింది.

పంది జాడలేదు. పక్క చేలోకి దూరిందేమోనని మరిడమ్మ షెడ్డు దాకా వెళ్ళింది. గుప్పుమని వాసన. లోపల ఒక్క కోడీ లేదు, శేషగిరి మాత్రం టీ కాచుకుందామని అగ్గిపెట్టె తీస్తున్నాడు.

"కోళ్ళేవయ్యా? ఈ వాసనేటి?"

"ఏం లేదండీ, స్టవ్వు కారతంది" అంటూ పుల్ల తీశాడు.

పందికోసం తెచ్చిన కర్ర అతని చేతిమీద పడింది. అగ్గిపెట్టె ఎగిరి బయట పడింది. "ఓ దొరబాబో! ఇక్కడ కొంప మునుగుతోందిరా నాయనా!" అన్న కేక రెండు చేలు దాటింది. దొరబాబు పరిగెత్తుకొచ్చి, వాసన పట్టి, ఆవిణ్ణీ శేషగిరినీ దూరంగా లాక్కుపోయి కంట్రోల్ రూముకు ఫోను చేశాడు. పంపులు ఆగాయి. అటూ ఇటూ వాల్వులు మూసుకున్నాయి. ఇరవై ఏళ్ళలో మొదటిసారి నా కడుపులో నిశ్శబ్దం. భయమేసింది, నిజం చెబుతున్నాను.

శేషగిరిని పోలీసులు తీసుకెళ్ళారు. దొరబాబు ఉద్యోగం నిలిచింది. నన్ను కోసి తీసి, నా చోట కొత్తవాణ్ణి అతికించారు.

ఇప్పుడు శిక్షణకేంద్రంలో, గాజు తలుపుల గదిలో ఉన్నాను. కన్నం చుట్టూ ఎర్ర రంగు, పక్కన బోర్డు. మొన్న దొరబాబు మరిడమ్మను వెంటపెట్టుకొచ్చాడు. ఆవిడ కన్నంలో వేలు పెట్టి చూసి, "అదేం రాశారయ్యా?" అని అడిగింది.

దొరబాబు బోర్డు చదివాడు. "అత్యాధునిక పరిజ్ఞానంతో గుర్తించిన రంధ్రం, అని రాశారండి."

"అత్యాధునిక పరిజ్ఞానం అంటే?"

అతను బోర్డు వంకా ఆవిడ వంకా చూశాడు. "మీరేనండి."

మరిడమ్మ చెంగు సర్దుకుని బోర్డు పక్కన నిటారుగా నిలబడింది. "అయితే ఫొటో తియ్యి."