రెండు వందల పద్నాలుగు పేజీలు

నా తోడల్లుడి మీద పగ తీర్చుకోవాలని నేను నిశ్చయించుకున్నది ఒక మంగళవారం ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు. అంతకుముందు ఆయన మీద నాకున్నది విసుగు మాత్రమే.

అప్పటికి మేమిద్దరం మా ఇంటి వెనక గదిలో పది నెలలుగా ఒక గాజుబిళ్ళను దూరదర్శిని అద్దం కోసం చేత్తో అరగదీస్తున్నాం. మరో ఇరవై ఆరు రోజుల్లో, పట్టపగలు, బుధగ్రహం సూర్యబింబానికి అడ్డంగా దాటబోతోంది. మళ్ళీ అలా జరిగేది పదమూడేళ్ళకు. నాకిప్పుడు డెబ్బై రెండు. మా చేతులతో చేసిన అద్దంతో ఆ నల్లచుక్కను ఒక తెల్ల అట్ట మీద పట్టి చూడాలన్నది నాకు మిగిలిన ఒకే ఒక్క కోరిక. నా కుడి భుజం అరగంటకు మించి పనిచేయదు కనుక రెండో జత చేతులు కావలసివచ్చాయి. బీమా కార్యాలయంలో పదవీ విరమణ చేసి, మా పై అంతస్తులో ఉంటున్న తోడల్లుడి చేతులు ఖాళీగా కనిపించాయి. ఖాళీగా లేవని తరువాత తెలిసింది. వాటిలో ఎప్పుడూ ఫోన్ ఉండేది. ఆయన భార్య, అంటే నా మరదలు, ఆయనకు 'బులెటిన్' అని పేరు పెట్టింది.

చివరి దశలో అద్దాన్ని పిచ్ అనే తారులాంటి నల్లటి పదార్థం మీద ఉంచి, తడిపిన సన్నటి పొడితో మెరుగు పెట్టాలి. ఇందులో నియమం ఒక్కటే. చేతులు ఆగితే అద్దాన్ని పక్కకు జార్చి తీసెయ్యాలి. కదలకుండా వదిలేస్తే పిచ్ దాన్ని పట్టుకుని ఇక విడిచిపెట్టదు. నేను భుజానికి కాపడం పెట్టుకుని నలభై నిమిషాల తరువాత వచ్చేసరికి ఆయన ఒక అరచేతిని అద్దం మీద ఆనించి, రెండో చేత్తో ఫోన్ చూస్తున్నాడు. తడి ఎప్పుడో ఆరిపోయింది.

"ఏమయ్యా, ఇదేమిటి?"

"ఒక్క నిమిషం అన్నయ్యా. ఎక్కడో వంతెన కూలిపోయిందట."

"ఎక్కడ?"

"అదే చూస్తున్నా."

ఫ్రిజ్‌లో పెట్టి, పిచ్ పెళుసెక్కాక తట్టి తట్టి విడదీశాం. అంచున చిన్న పెచ్చు, మధ్యలో గోటికి తగిలేంత గీత. రెండు దశలు వెనక్కి వెళ్ళాలి. ఆయన క్షమాపణ చెప్పి ఉంటే ఈ కథ ఉండేది కాదు. "మళ్ళీ రుద్దితే పోతుందిలెండి, ఎక్కడో చదివాను" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల దగ్గర, అక్కచెల్లెళ్ళిద్దరి ముందూ, పందెం వేశాను.

"రోజుకు ఎనిమిది గంటలు చదువుతావు కదా. రోజూ పొద్దున చదివినవాటిలోంచి పది ప్రశ్నలు అడుగుతాను. తప్పిన ప్రతి ప్రశ్నకూ పావుగంట అదనంగా గాజు రుద్దాలి. సరేనా?"

"అడగండి అన్నయ్యా, దేన్నుంచైనా అడగండి" అన్నాడు ఛాతీ విరుచుకుని.

ఏం చదివాడో కనుక్కోవడం కష్టం కాలేదు. తెరిచిన పేజీలన్నిటి పట్టిక ఫోన్‌లోనే ఉంటుంది. ఆ ఒక్క పూటకు రెండు వందల పద్నాలుగు. ఆయన చేతే ఆ పట్టికను నా ఫోన్‌కు పంపించుకుని, గంటసేపు కూర్చుని ప్రశ్నపత్రం తయారుచేశాను.

"నిన్న కూలిన వంతెన గురించి ఇవాళ కూడా నాలుగుసార్లు చదివావు. ఏ నది మీదిది?"

"పెద్ద నదేనండీ."

"నది పెద్దదే బావగారూ, బుర్రే చిన్నది" అంది మరదలు.

పదింటికి ఒక్కటి చెప్పాడు. రెండుంబావు గంటలు రుద్దాడు. నేను కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చుని చూశాను. అంత హాయి ఈమధ్యకాలంలో ఎరగను.

నాలుగో రోజు కావాలనే కఠినంగా అడిగాను. "జ్ఞాపకశక్తి పెంచుకోవడానికి ఏడు మార్గాలు. ఆరున్నరకు చదివావు, ఆరూ యాభైకి మళ్ళీ చదివావు. ఒక్కటి చెప్పు చాలు." ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు జాలి కలగలేదు. అది ఉండవలసిన చోట వెతికి చూశాను, లేదు.

"ఇక చాలించండి" అంది నా భార్య.

"గీత పోయాక చాలిస్తాను" అన్నాను.

తొమ్మిదో రోజు పట్టికలో మూడే పేజీలు ఉన్నాయి. పదకొండో రోజు ఒక్కటీ లేదు.

"ఏం చదవలేదా?"

"లేదన్నయ్యా. పొద్దున్నుంచీ ఇక్కడే ఉన్నా. ఈ శబ్దం మారుతోంది, విన్నారా? గాజు నున్నబడుతోంది."

సంతోషించవలసింది పోయి, చేతికి చిక్కిన దొంగ జారిపోయినట్టు పళ్ళు నూరుకున్నాను. పైగా ఇంకొక సంగతి జరిగింది, దాన్ని నేను ఆలస్యంగా గమనించాను. ఆయన పేజీల కింద వేరే పేజీలు, వాటి కింద మరికొన్ని. ప్రశ్న కోసం తెరిచినవాటిని ప్రశ్న లేకుండానే తెరవసాగాను. ఆయన ఏమీ చదవని ఆ రోజు నేను నూట తొంభై చదివాను.

"మరిదిగారు అద్దం రుద్దుతుంటే మీరేం చేస్తున్నారు?" అని నా భార్య అడిగింది.

"ప్రశ్నలు రాస్తున్నాను."

"ఎవరికి?"

గీత పోయింది. చివరి మెరుగు మొత్తం ఆయనే పెట్టాడు, చేతులు ఆగిన ప్రతిసారీ అద్దాన్ని జార్చి తీస్తూ.

బుధుడు దాటే రోజు ఆకాశం నిర్మలంగా ఉంది. డాబా మీద, నీడపట్టున పెట్టిన తెల్ల అట్ట మీద సూర్యుడు పళ్ళెమంత పడ్డాడు. అందులో ఆవగింజలో సగమంత నల్లచుక్క. మా అద్దం అబద్ధం చెప్పలేదు. అయిదు గంటల పాటు ఆ చుక్క నెమ్మదిగా జరిగింది. అది అంచు దాటి బయటపడే క్షణాన్ని గడియారంతో పట్టడమే అసలు పని. ఇంకా రెండు మూడు నిమిషాలున్నాయనగా, మిగతావాళ్ళు ఎక్కడెక్కడ ఏం చూశారో అని నా చెయ్యి జేబులోకి వెళ్ళింది. ఎవరో ఏదో కొలిచారు. ఆ కొలత తప్పని ఇంకెవరో వాదించారు. ఆ వాదనకు జవాబు కింద ఉంది.

"వెళ్ళిపోయింది!" అని తోడల్లుడు అరిచాడు. గడియారం చూసి గంట, నిమిషం, సెకను చెప్పాడు. నేను తలెత్తేసరికి సూర్యబింబం శుభ్రంగా ఉంది.

"చూశారా అన్నయ్యా?"

అక్కచెల్లెళ్ళిద్దరూ నావైపు తిరిగారు.

"చూశాను" అన్నాను.

నేను కొలతల ప్రయోగశాలలో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేశాను. అక్కడ ప్రతి కొలత కిందా చూసినవాళ్ళిద్దరి సంతకాలూ ఉండాలి. ఈ పద్ధతి ఆయనకు నేర్పింది నేనే. ఆయన కొలతల పుస్తకంలో నిదానంగా సమయం రాసి, తన సంతకం చేసి, పుస్తకాన్ని నావైపు తిప్పి, కలం మూత తీసి అందించాడు.

"పెట్టండి అన్నయ్యా" అన్నాడు ఎంతో మర్యాదగా.

కలం పట్టుకున్నాను. ఆయన కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు. తొందరేమీ లేదన్నట్టు, నా చేతినే చూస్తూ.