స్లావ్ రక్షణ

ఓత్మార్ చనిపోయిన రోజునే ఓపావా ఊరి చదరంగం జట్టు లీగ్‌నుంచి కిందికి జారకుండా నిలబడింది. నల్లపావులతో ఆడుతూ ఆట మధ్యలో అతను గుండె పట్టుకున్నాడు. లేస్తానన్నాడు. కెప్టెన్ రాడిమ్ వెనకనుంచి వంగి, "ఇంకో అరగంట ఓర్చుకో, మనకి అర పాయింటు చాలు" అన్నాడు. ఓత్మార్ ఓర్చుకుని ఆట సమం చేశాడు. ఆసుపత్రి దారిలోనే ప్రాణం పోయింది.

ఈ సంగతి అతని భార్య బ్లాంకాకు చెప్పింది పక్కబల్ల దగ్గర ఆడిన ముసలి యారోమీర్. రాడిమ్ చెప్పలేదు.

వసంతంలో బీరు హోటలు వెనకగదిలో ఓత్మార్ పేరిట పోటీ పెట్టారు. "చివరి ఊపిరిదాకా జట్టుకోసం నిలిచాడు!" అన్నాడు రాడిమ్. అందరూ చప్పట్లు కొట్టారు. బ్లాంకా చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

"మొదటి ఎత్తు నీ చేత్తో వెయ్యి, బ్లాంకా" అన్నాడు రాడిమ్.

"ఎత్తొక్కటే ఎందుకు? నీతో ఆటే ఆడతాను. నల్లపావులు నావి."

"చూసుకో రాడిమ్!" యారోమీర్ నవ్వాడు. "వంటింట్లో ఆడి ఓత్మార్‌ని ఓడించి ఏడిపించిన మనిషి!"

రాడిమ్ చెయ్యి చాచాడు. బ్లాంకా ఆ చెయ్యి అందుకోలేదు. గడియారం నొక్కింది. గదిలో నవ్వులు ఆగిపోయాయి.

అతను మంత్రి ముందు బంటును రెండు గళ్లు తోశాడు. ఆమె కూడా అంతే చేసింది. అతను పక్కబంటుతో కవ్వించాడు. ఆమె తన బంటుకు వెనక ఇంకో బంటును ఊతంగా నిలిపింది. ఓత్మార్ జీవితమంతా ఆడిన స్లావ్ రక్షణ అది. "ముందు శకటును బయటికి పంపు, తరవాత బంటుతో తలుపెయ్యి. లోపలే ఉంచి మూశావో, ఊపిరాడక చస్తుంది" అనేవాడు.

ఆమె శకటును బయటికి పంపి తలుపు వేసింది. ఈ సూత్రం రాడిమ్‌కూ తెలుసు. మరి బయటికి వెళతానన్న మనిషిని లోపలే ఉంచి మూసిందెవరు?

రాడిమ్ గుర్రాలతో, ఏనుగులతో ఎంత తోసినా గోడ కదల్లేదు. మెడ తుడుచుకున్నాడు.

"సమం చేసుకుందామా? ఈ రోజుకు అదే గౌరవం."

"ఇంకో అరగంట ఓర్చుకో."

రాడిమ్ యారోమీర్ వైపు చూశాడు. ముసలాయన బీరుగ్లాసులోకి చూస్తున్నాడు.

"అంత జబ్బని నాకేం తెలుసు, బ్లాంకా?"

"లేస్తానన్నాడా, లేదా?"

"...అన్నాడు."

"ఎందుకు ఆపావు?"

ఎత్తు రాడిమ్‌ది. గడియారం నడుస్తోంది. అతను పావుల్నే చూస్తూ కూర్చున్నాడు, తన సమయం అయిపోయేదాకా.

బ్లాంకా కోటు తొడుక్కుంది. అతని సమయం దాటిపోయింది కాబట్టి ఆట ఆమెదే. రాడిమ్ మాత్రం కుర్చీలోంచి ఇంకా లేవలేదు.