మందు కొట్టిన సాళ్లు

గేటు దగ్గర పొట్టిది కొంగు విప్పి చూపించింది. అందులో ఉన్నది కలుపులో ఏరుకున్న కూరాకు, గుప్పెడు పొన్నగంటి, కాస్త గలిజేరు, అంతే పిల్లల్లారా. మేస్త్రీ దాన్ని లాక్కుని నేలమీద పోసి చెప్పుకాలితో నలిపాడు.

“తోటలో మొలిచిందంతా తోటదే. ఇంకోసారి పట్టుకెళ్తే దొంగతనం కేసు పెట్టిస్తా.”

“కలుపని పీకి పారేయమన్నది మీరేగా బాబూ! పారేసేది తింటే దొంగతనమా?” అంది పొట్టిది.

కలుపు తీసే ఆడవాళ్లమంతా నవ్వాం. అతను నవ్వలేదు. ఆ చూపు నాకు నచ్చలేదు.

పొట్టిది మా చెల్లెలి కోడలు. చంటిపిల్ల తల్లి. కాన్పయ్యాక కాళ్లు వాచి, కళ్లు మసకబారి గోడ పట్టుకు నడిచేది. గలిజేరు వాపు తీస్తుందని, పొన్నగంటి కంటికి మంచిదని మా అత్త నాకు చెప్పింది, నేను దానికి చెప్పాను. పప్పూ పాలూ కొనలేని ఇళ్లు మావి. ఆ ఆకే తిని లేచింది, మళ్లీ పనిలోకి వచ్చింది.

ఆ సాయంత్రం మేం ఇళ్లకు వెళ్లాక మేస్త్రీ మగవాళ్లచేత సాళ్లలో కలుపుమందు కొట్టించాడు.

తెల్లారి పొట్టిది సాల్లో వంగి గంగపాయల కూర తుంచి పచ్చిదే నోట్లో వేసుకుంది. ఆకు తడి చూసి మంచనుకుంది.

“మోసుకెళ్తేగా దొంగతనం! కడుపులో దాచుకుంటే ఎవడు వెతుకుతాడే అత్తా?” అని నవ్వింది.

మధ్యాహ్నానికి వాంతులు. తర్వాత నోరంతా పుళ్లు, ఊపిరి అందలేదు. వారం తిరక్కుండానే పోయింది.

పాడె లేచాక వాకిట్లో గొడవ మొదలైంది.

“మందు కొట్టింది మీ చిన్నోడే కదమ్మా!” అంది మాతో కలుపు తీసే పొగాకావిడ నా మొహాన్నే.

చిన్నోడంటే నా చిన్న కొడుకే. తల దించుకునే చెప్పాడు, “గేటు దగ్గర ఆపేశారుగా, ఇంకెవరూ కోయరనుకున్నా. మేస్త్రీ ఎవరికీ చెప్పొద్దన్నాడు. చెబితే పని పోతుందని...”

“నోరు మూసుకున్నందుకు నిన్ను తర్వాత అడుగుతా,” అన్నాను. “వాడి వీపుమీద ఆ మందు డబ్బా ఎత్తినవాడెవడో అది చెప్పండి ముందు. మనలో మనం జుట్లు పట్టుకుంటే మేస్త్రీ హాయిగా నిద్రపోతాడు.”

పొగాకావిడ ఉమ్మేసి, “అయితే ఏం చేద్దాం?” అంది.

“సాల్లో కూర్చుందాం. మనమీద కొట్టమందాం,” అన్నాను.

మర్నాడు అలాగే కూర్చున్నాం, ఇంకా మందు పడని పచ్చదనం మధ్య, భుజానికి భుజం ఆనించి.

“కొట్టండ్రా! అదేం ప్రాణాలు తీసేది కాదు,” అని అరిచాడు మేస్త్రీ.

మా చిన్నోడు డబ్బా దించాడు. వాడి వెనుక మిగతావాళ్లూ దించి వచ్చి మా పక్కన కూలబడ్డారు. మేస్త్రీ ఫోన్ చేశాడు. కాసేపటికి గేటు అవతల పోలీసు జీపు ఆగింది. ఆ అండ చూసుకుని తనే ఒక డబ్బా ఎత్తుకున్నాడు. ఎత్తుకునే ముందు ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకున్నాడు. మా మగవాళ్లకు అంతవరకూ ఎవరూ ఒక పేలిక ఇచ్చిన పాపాన పోలేదు.

“ప్రాణాలు తీసేది కాదన్నావుగా, ఆ గుడ్డెందుకురా?” అని కేకేసింది పొగాకావిడ.

పంపు చప్పుడు మొదలైంది. మందు వాసన మా మీదికి వచ్చింది. ఎవరూ లేవలేదు. అవతలి తోట ఆడవాళ్లు కొడవళ్లు కింద పెట్టి, కంచె దాటి, ఒక్కొక్కరే వచ్చి మా వెనుక సాల్లో కూర్చోసాగారు.