కెప్టెన్ గారి వీడ్కోలు సభ

"నీ గురువులెవురో బిన్నా చెప్పు పంకజా. పన్నెండు గంటలకంతా ప్రెస్సులో ఇచ్చేయాల" అన్నాడు మా ఆయన.

నేను రుబ్బురోలు ముందు కూర్చుని ఉన్నాను. మోచేతిదాకా పిండి. ఆయన వరండాలో కుర్చీ వేసుకుని, ఒళ్ళో అట్ట పెట్టుకుని రాస్తున్నాడు. వచ్చే ఆదివారం జిల్లా క్రీడా సంఘంవాళ్ళు చిత్తూరులో నాకు సన్మానం చేస్తున్నారు. పదకొండేళ్ళుగా జిల్లా ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టుకు నేను కెప్టెన్‌ని. సన్మానం నాడు పంచడానికి ఒక చిన్న సంచిక వేస్తున్నారు. అందులో "నా ఆట, నా గురువులు" అని నేను ఒక వ్యాసం రాయాలి, సభలో అదే చదవాలి. నా చేతులకు పిండి ఉంది కాబట్టి నా వ్యాసం ఆయన రాస్తున్నాడు.

"ఇంతవరకు ఏం రాసినారు?" అన్నాను.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "'నా విజయాలన్నిటి వెనుక నా భర్త శ్రీ వెంకటరమణ గారి అనుమతి, ప్రోత్సాహం ఉన్నాయి. ఆయనే అనుమతించకపోతే నేను ఈనాడు ఎక్కడ ఉండేదాన్నో!'"

ఎక్కడ ఉండేదాన్నో నాకూ తెలియదు. రుబ్బురోలు ముందు మాత్రం కాదేమో అనిపించింది.

"నేను కెప్టెన్ అయింది డెబ్బై అయిదులో. మన పెండ్లి డెబ్బై ఎనిమిదిలో" అన్నాను.

"అదంతా ఎవురు చూస్తారులే. గురువు పేరు చెప్పు."

"ఆదిమూలం మాస్టారు."

ఆదిమూలం మాస్టారు మగపిల్లల హైస్కూల్లో డ్రిల్లు మాస్టరు. వాళ్ళ నాయన కోలారు బంగారు గనుల్లో పనిచేసేవాడట. అక్కడి ఎర్రమట్టి మైదానాల్లో ఉత్తకాళ్ళతో ఆట నేర్చుకుని వచ్చాడు. డెబ్బై అయిదులో హైదరాబాదునుంచి ఒక ఉత్తరం వచ్చింది. ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టును ఇరవై రోజుల్లో పంపమని. జిల్లాలో ఫుట్‌బాల్ ఆడే ఆడపిల్ల ఒక్కతి కూడా లేదు. మాస్టారు సైకిలేసుకుని తిరిగి, ఖోఖో ఆడేవాళ్ళను, కబడ్డీ ఆడేవాళ్ళను, పరుగుపందేల్లో ఉరికేవాళ్ళను పదకొండు మందిని పోగుచేశాడు. తిరుపతిలో బీఏ ఆఖరు సంవత్సరం చదువుతున్న నేను పదకొండోదాన్ని.

మొదటిరోజు ఆయన బంతిని ఆకాశంలోకి తన్నాడు. పదకొండుమందీ తలెత్తి చూశాము. అది దిగివస్తోంది. "నువ్వు తీసుకోక్కా" అన్నాను నేను పక్క పిల్లతో. "లేదు లేదు, నువ్వే తీసుకోమ్మే" అంది ఆ పిల్ల. "పాపం దానికియ్యండి" అంది ఇంకో అమ్మాయి. పెళ్ళిపంక్తిలో ఆఖరి వడ దగ్గర మొహమాటపడినట్టు అందరం ఒకరినొకరు బతిమాలుకుంటూ ఉండగా బంతి మా మధ్యలో పడి, రెండుసార్లు ఎగిరి, విశ్రాంతి తీసుకుంది. మాస్టారు నెత్తిన చేతులు పెట్టుకుని కూలబడ్డాడు. ఆయన తప్పు కాదు, మా తప్పూ కాదు. ఇంట్లో మంచి మీగడ అన్నయ్యది, చాప తమ్ముడిది, కిటికీ పక్క చోటు నాయనది. అడిగితే "ఆడపిల్లవు, సర్దుకో" అంటారు. ఇరవై ఏళ్ళు సర్దుకున్నవాళ్ళం. ఆకాశంలోంచి ఏదో ఒకటి తిన్నగా మన మీదికే వస్తుంటే, అది మనకే వస్తోందని ఎట్లా నమ్మేది?

మరునాడు మాస్టారు బంతి తేలేదు. "తల్లీ, ఈరోజు ఆట లేదు. 'నాది!' అని అరవాల. అంతే" అన్నాడు. వరసగా నిలబడి అరిచాము. మొదట పిల్లిపిల్ల అరిచినట్టు వచ్చింది. "దేవునికి మొక్కుకున్నట్ల అరస్తా ఉండారే, గొడవకు పోయినట్ల అరవండి తల్లీ" అన్నాడు. నాలుగు రోజులు అదే పని. మూడో రోజుకు రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూడడం మొదలుపెట్టారు. తలపాగా చుట్టుకున్న ఒక పెద్దాయన బండి దిగి లోపలికొచ్చి, "ఏమప్పా, ఇంతమంది అక్కచెల్లెండ్లు! పొలం తగువా? కయ్య యాడుండాది? కొలిపించి నేను తీరుస్తాను పా" అన్నాడు. "పంచాయితీ కాదబ్బా, ఫుట్‌బాలు" అన్నాడు మాస్టారు. అందరికన్నా గట్టిగా అరిచినందుకు నన్ను కెప్టెన్‌ని చేశాడు. అంత గొంతు నాకుందని అప్పటిదాకా నాకే తెలియదు.

ఇదంతా మా ఆయనకు చెప్పాను. ఆయన విని, "శ్రీ ఆదిమూలం గారు నాకు ఆటలోని మెళకువలు నేర్పిరి" అని రాసుకున్నాడు.

"ఇంగో గురువు?"

ఇంకో గురువు సంగతి చెప్పాలంటే నా పెళ్ళి సంగతి చెప్పాలి. పెళ్ళిచూపుల నాడు ఆయన, "పిల్ల కెప్టెనంట, పేపర్లో ఫోటో పడిందంట" అని అందరికీ చెప్పుకుని మురిసిపోయాడు. పెళ్ళయిన పదోరోజు, "ఇంగ సాల్లే" అన్నాడు. నేను వారం రోజులు అన్నం పెట్టాను గానీ మాట్లాడలేదు. అప్పుడు అనుమతించాడు. అనుమతికి షరతులున్నాయి. నేను బడికి పోయేలోపు రెండు పూటలకూ వంట అయిపోవాలి. ఉతికిన బట్టలు ఆరి మడతల్లో ఉండాలి. చుట్టాలొస్తే ప్రాక్టీసు ఉండకూడదు. బడిలో నేనూ డ్రిల్లు టీచర్నే. ఆయన ఆఫీసులో గుమాస్తా. ఇద్దరం ఒకే వేళకు ఇంటికొచ్చేవాళ్ళం. ఆయన అలసిపోయి వచ్చేవాడు, నేను ఊరికే వచ్చేదాన్ని.

ఎనిమిదేళ్ళలో ఆయన నా ఆట చూడడానికి వచ్చింది ఒక్కసారి. అదీ చూడడానికి కాదు. పక్క జిల్లావాళ్ళతో ఆట హోరాహోరీగా నడుస్తోంది. బంతి నా కాళ్ళ దగ్గర ఉంది. గీత అవతలినుంచి కేక వినిపించింది. "పంకజా! బీరువా తాళం యాడ పెట్టినావు?" నేను పరుగు ఆపకుండానే, "బియ్యం డబ్బాలో!" అని అరిచాను. నన్ను అడ్డుకోవలసిన పిల్ల ఫక్కున నవ్వి నిలబడిపోయింది. నేను గోలు కొట్టాను. "మనం ఆ పొద్దు గెలిచింది నావల్లే" అని ఆయన ఇప్పటికీ అంటాడు.

"నా రెండో గురువు మీ అమ్మ" అన్నాను.

ఆయన పెన్ను ఆపి పగలబడి నవ్వాడు. "పరాచికాలొద్దు. అమ్మకు గోలంటే నీళ్ళ గోలెమో, బియ్యం గోతమో కూడా తెలీదు."

తెలియదు. మా అత్త వరదమ్మ పలమనేరు దగ్గర పల్లెలో నలభై ఏళ్ళు ఎనుముల్ని మేపిన మనిషి. మామ పోయాక మా దగ్గరికి వచ్చింది. నేను నిక్కరు వేసుకోవడం చూసిన రోజు, "అది లోపల గుడ్డగదా, పైన కోక మర్సిపోయినావా?" అని నిజంగానే అడిగింది. తరవాత పదిరోజులు నా ముఖం తప్ప ఇంకెక్కడా చూడకుండా మాట్లాడింది. మా పాప పుట్టిన అయిదో నెలలో నేను మళ్ళీ మైదానానికి పోయాను. పాలు తాగే బిడ్డ, సగం ఆటలో పాలియ్యాలి. ఎత్తుకుని రావడానికి అత్త తప్ప ఇంకెవరూ లేరు. గొణుక్కుంటూ వచ్చింది. బిడ్డను ఒళ్ళో వేసుకుని, మైదానానికి వీపు పెట్టి కూర్చుంది. రెండో ఆటకు పక్కకు తిరిగింది. మూడో ఆటకు ఎదురుగా కూర్చుంది.

ఆ మూడో ఆటలో అవతలి జట్టు పిల్ల ఒకతి నన్ను బొంగరంలా తిప్పింది. కుడికి పోతున్నట్టు కాలు చాపి ఎడమకు పోయేది. సగం ఆటలో వచ్చి రొప్పుతూ బిడ్డకు పాలిస్తుంటే, అత్త కొంగు అడ్డం పట్టుకుని గొంతు తగ్గించి అంది.

"ఏమ్మే, ఆ పిల్ల మూడుతూర్లు నిన్ను మోసం చేసె గదా. నువ్వు దాని కాళ్ళు సూస్తా ఉండావు."

"కాళ్ళు చూడకుంటే ఎట్లా అత్తా? బంతి కాళ్ళ దగ్గిర గదా ఉండేది."

"ఎనుము సెరుకు కయ్యలోకి యా పక్కనుంచి దూరతాదో కాళ్ళు సూస్తే తెల్దు. బుజం సూడు. బుజం ముందు వంగతాది, కాలు యెనక పోతాది. నలభై ఏండ్లు తోల్నాను, ఒగ ఎనుమూ నన్ను దాటి పోలే."

రెండో సగంలో ఆ పిల్ల భుజం చూశాను. ఒక్కసారి కూడా నన్ను దాటలేదు. ఆమాటకొస్తే ఆ తరవాత ఆరేళ్ళలో నన్ను దాటినవాళ్ళు తక్కువ. గెలిచిన ప్రతిసారీ పేపరువాళ్ళు "అనుభవజ్ఞురాలైన కెప్టెన్" అని రాసేవారు. ఎనుముల అనుభవమని ఎవరికీ తెలియదు.

మా ఆయన ఇదేదీ రాయలేదు. "నా రెండవ గురువు సంఘం కార్యదర్శి శ్రీ చెంగల్రాయుడు గారు" అని రాశాడు. చెంగల్రాయుడు మాకు నేర్పింది ఏమిటంటే, మగపిల్లలు వేసి వదిలేసిన చొక్కాల్ని మోకాళ్ళదాకా దిగకుండా ఎట్లా కుట్టుకోవాలో. మా జట్టు తిరుపతిలో కప్పు గెలిచిన రోజు మైకులో మమ్మల్ని "ఖోఖో బాలికలారా" అని పిలిచింది కూడా ఆయనే.

చేతులు కడుక్కుని వచ్చి కాగితం తీసుకున్నాను. ఆఖరి వాక్యం ఇట్లా ఉంది. "వయసు, కుటుంబ బాధ్యతల దృష్ట్యా నేను ఈ రోజుతో ఆట నుంచి సంతోషంగా తప్పుకుంటున్నాను."

"ఇదేంది?" అన్నాను.

"వీడ్కోలు సన్మానం గదా."

"ఎవరికి వీడ్కోలు?"

"నీకే. చెంగల్రాయుడు మొన్న టీ అంగట్లో అడిగినాడు. సరే అన్న్యాను. ముప్పై రెండేండ్లు వచ్చె. పాప బడికి పోతా ఉండాది. ఇంగెన్నాళ్ళు ఎగరతావు?" అని ఆయన వాచీ చూసుకున్నాడు. "శాలువా కూడా తెచ్చేసినారు పంకజా."

నాకు కోపం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది. పాతికేళ్ళ పిల్లల్ని వెనక వదిలి ఉరకగలిగే కాళ్ళు నావి. వచ్చే నెల గుంటూరులో రాష్ట్ర పోటీలు. నా మోకాలికి నొప్పి ఉందా, నా ఊపిరి ఎంతసేపు నిలుస్తుంది, పొద్దున లేవగానే నాకు మైదానం గుర్తొస్తుందా లేదా అని ఎవరూ అడగలేదు. ఇద్దరు మగవాళ్ళు టీ చల్లారేలోపు నా కాళ్ళను ఆపేశారు. శాలువా కొన్నాక నేను ఆడితే శాలువా దండగవుతుందని ఆయన బాధ. ఆ మాట పైకి అంటే, "నీ మంచికే గదా" అంటాడు. ఎనిమిదేళ్ళుగా నా మంచి ఆయన దగ్గరే ఉంది.

కాగితం తిరిగి ఇచ్చేశాను. "మంచి దస్తూరీ" అన్నాను.

ఆదివారం సభ నిండుగా జరిగింది. వేదిక మీద చెంగల్రాయుడు, ఆ పక్కన మా ఆయన, చివర నేను. మొదటి దండ మా ఆయనకు వేశారు. "ఇట్లాంటి భర్త దొరికితే ఏ ఆడబిడ్డయినా కెప్టెన్ కావచ్చు" అన్నాడు చెంగల్రాయుడు. నాకు ఇడ్లీపాత్ర బహూకరించి, "ఇంగ హాయిగా ఇంట్లో..." అని చేతులు ఊపాడు. మూడో వరసలో ఆదిమూలం మాస్టారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని వింటున్నాడు. ఆడవాళ్ళ వైపు ముందు వరసలో మా అత్త, ఒళ్ళో పాప. వెనకాల మా జట్టు పిల్లలు కొత్త చీరల్లో, కాళ్ళూ చేతులూ ఎక్కడ పెట్టాలో తెలియక బిగుసుకుని కూర్చున్నారు.

నన్ను మాట్లాడమన్నారు. ఆయన కాగితం నా చేతిలో పెట్టాడు. అనుమతి చదివాను. ప్రోత్సాహం చదివాను. చెంగల్రాయుడు నా గురువని కూడా చదివాను. ఆఖరి వాక్యం దగ్గరికి వచ్చేసరికి కాగితం మీదినుంచి తలెత్తాను. 

"'నేను ఈ రోజుతో ఆట నుంచి సంతోషంగా తప్పుకుంటున్నాను' అని ఇక్కడ రాసి ఉంది" అన్నాను. "ఇది మా ఆయన చేతిరాత. ఆయన తప్పుకుంటున్నట్టున్నారు. ఎనిమిదేళ్ళు అనుమతించి ఆయనా అలిసిపోయినారు. అందరూ గట్టిగా చప్పట్లు కొట్టండి. నేను మాత్రం వచ్చే నెల గుంటూరు పోతా ఉండాను. నాకు బంతిని అడగడం నేర్పింది ఆదిమూలం మాస్టారు, మనిషిని ఆపడం నేర్పింది మా అత్త వరదమ్మ. వాళ్ళిద్దరికీ నమస్కారం."

అప్పుడు ఆడవాళ్ళ వైపునుంచి మా అత్త గొంతు ఖంగున వినబడింది.

"రేయ్ రమణా! నువ్వెప్పుడు ఆడినావురా, తప్పుకునేదానికి?"

నవ్వు వెనక వరసలనుంచి మొదలై వేదిక ఎక్కింది. జట్టు పిల్లలు ఈలలు వేశారు. మా ఆయన ఏం చేయాలో తోచక లేచి రెండు చేతులూ జోడించాడు. సరిగ్గా వీడ్కోలు తీసుకుంటున్నట్టే ఉంది. చెంగల్రాయుడు ఇంకా కంగారుపడి, నాకోసం తెచ్చిన శాలువా తీసి ఆయన భుజాల మీద కప్పేశాడు. ఫోటో కూడా తీశారు.

నాలుగు రోజులు ఆయన నాతో మాట్లాడలేదు. "కాఫీ కావాలని చెప్పమ్మా" అని వాళ్ళమ్మతో అనేవాడు. "నీ నోరు యాడికి పోయినాది?" అనేది ఆమె. అయిదో రోజు ఆఫీసులో ఎవరో, "ఏమబ్బా, రిటైరయినావంట, ఏ పొజిషన్లో ఆడేవాడివి?" అని అడిగారట. ఇంటికొచ్చి అదంతా కోపంగా చెబుతూ చెబుతూ మధ్యలో తనే నవ్వాడు. నేనూ నవ్వాను. అంతమాత్రాన అన్నీ సర్దుకున్నాయని కాదు.

గుంటూరులో మేము సెమీఫైనల్లో ఓడిపోయాము. అది వేరే సంగతి. చెప్పవలసింది పోకముందు వచ్చిన ఫారం గురించి. ప్రతి ఏడూ వస్తుంది. ఆడపిల్లల ఫారంలో అడుగున "తండ్రి లేక భర్త లేక సంరక్షకుని అనుమతి" అని ఒక గడి ఉంటుంది. పెళ్ళయినప్పటినుంచి దాన్ని ఆయన కాఫీ పక్కన పెట్టి, ఆయన పేపరు చదవడం అయిందాకా నిలబడేదాన్ని. ఈసారీ ఆయన పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. నేను అడుగుతానని ఎదురుచూస్తున్నట్టు తెలుస్తూనే ఉంది. నేను ఫారం తీసుకుని మెట్టు మీద కూర్చున్నాను. సంరక్షకుని పేరు అన్నచోట పంకజాక్షి అని నా పూర్తి పేరే రాసి సంతకం పెట్టాను. దాని కింద "క్రీడాకారిణితో సంబంధం" అని ఇంకో గీత ఉంది. అక్కడ కాసేపు ఆగి, "ఈ మధ్యనే పరిచయం" అని రాశాను.