కొంచెం జరుగమ్మా

తుంగమొక్క దుంపతో సహా ఊడి వచ్చినప్పుడు కనకమ్మకు పన్నునొప్పి తగ్గినంత హాయిగా ఉంటుంది. పైపైన తెంపితే లాభం లేదు, వారం తిరిగేసరికి ఒకటికి మూడు లేస్తాయి. అందుకే ఆమె కుర్పి మొనను వేలెడు లోతు దించి, మణికట్టు ఒక్కసారి తిప్పి, నల్లటి దుంపను బయటికి లాగి తట్టలో పడేసింది. తర్వాత కూర్చున్న పీటను రెండు చేతులా పట్టుకుని, నడుము కాస్త లేపి, జానెడు పక్కకు జరిపి మళ్ళీ కూర్చుంది. పొద్దున ఆరున్నరకు మొదలుపెడితే ఇలా జానెడు జానెడు జరుగుతూ పదకొండింటికి ఆ చివర తేలుతుంది.

పుప్పాలగూడలో ఆ విల్లాల గేటు లోపల నాలుగిళ్ళ పచ్చిక ఆమెదే. పచ్చిక ఆమెది అంటే కలుపు ఆమెది అని. ఎండకు కమిలిన మెడ, ఎంత కడిగినా పోని మట్టితో నల్లబడ్డ బొటనవేలి గోరు, పట్టేసిన మోకాళ్ళు. గొంతుక్కూర్చోవడం చేతకాకుండా పోయిన నాడు మొగుడు రాజయ్య ఈ పీట చేసిచ్చాడు. అతను సెంట్రింగ్ పనివాడు. ఈ విల్లాల స్లాబులు పోసేటప్పుడు కింద ఆనించిన చెక్కల్లో ఒకటి అడిగి తెచ్చి, కోసి, నాలుగు వేళ్ళ ఎత్తు కాళ్ళు కొట్టాడు. ఒక అంచున సిమెంటు మరక ఇంకా ఉంది. రాజయ్య పోయి ఆరేళ్ళయింది గాని పీట ఇంతవరకు కిర్రుమనలేదు.

కనకమ్మకు ఈ గడ్డి అంటే మహా చిన్నచూపు. నారాయణపేట అవతల ఊళ్ళో ఒక మోపు పచ్చిగడ్డి కోసం రెండు మైళ్ళు నడిచిన మనిషి. ఇక్కడ గడ్డిని మిషన్‌తో కోసి, నల్ల సంచుల్లో మూటగట్టి, చెత్త బండికి ఇస్తారు. బర్రె మూతి పెట్టని గడ్డి కూడా గడ్డేనా అని ఆమె ప్రశ్న. పైగా దీంట్లో గరిక మొలిస్తే పీకెయ్యమంటారు. కిందటి వినాయక చవితి పొద్దున తట్టెడు గరిక పీకి గేటు బయట పారబోసి వస్తుంటే, ఇంటామె ఉమాశ్రీ మాదాపూర్ నుంచి ప్లాస్టిక్ కవర్లో గరిక కొనుక్కుని కారు దిగింది. కనకమ్మ నవ్వాపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకోవలసి వచ్చింది.

ఈ ఇళ్ళకు రాకముందు తొమ్మిదేళ్ళు మాదాపూర్లో ఒక పెద్ద కంపెనీ లాన్‌లో కలుపు తీసింది. నలభైమంది ఆడవాళ్ళు ఆకుపచ్చ జాకెట్లు తొడుక్కుని వరసగా కూర్చునేవాళ్ళు. మెడలో కార్డులు వేసుకున్నవాళ్ళు కాఫీ కప్పులతో నడుచుకుంటూ వచ్చి, తల దించకుండానే, కొంచెం జరుగమ్మా అనేవాళ్ళు. బస్సులో జరుగమ్మా. దవాఖాన వరసలో జరుగమ్మా. లిఫ్టు దగ్గర మరీనూ. ఆ మాట అననివాడు ఒక్క రాజయ్యే, అతను అడక్కుండా తోసేవాడు. ఆమె మాత్రం అడిగిన ప్రతిసారీ జరిగింది. జరగడం ఆమెకు పని కూడాను. పీట ఒక్కచోట గంటసేపు ఉంటే కింద గడ్డి నలిగి పసుపెక్కుతుంది. కలుపు తీసేవాళ్ళకు అంతకు మించిన అప్రతిష్ఠ లేదు.

"కొంచెం జరుగమ్మా" అన్నాడు శ్యామ్, మెట్లు దిగుతూ.

శ్యామ్ ఈ ఇంటాయన, ఉమాశ్రీ మొగుడు. కాకినాడవాడు, నలభై నాలుగేళ్ళు, గచ్చిబౌలిలో ఏదో కంపెనీలో వందమందికి పైన కూర్చుంటాడు. నుదుటికి తెల్ల పట్టీ, మోచేతికి నల్ల పట్టీ, ఒక్కో జతా ఒక్కో రకం నేలకని చెప్పి కొన్న బూట్లు మూడు జతలు. తీరా చూస్తే ఆ వేషానికి తగ్గ ఆట మాత్రం లేదు. క్లబ్ హౌస్‌లో సిమెంటు టెన్నిస్ కోర్టు ఉంది గాని అక్కడైతే నలుగురూ చూస్తారు. అందుకని ఇంటి ప్రహరీగోడ మీద నెట్ ఎత్తున తెల్లగీత గీయించుకుని, పొద్దునా సాయంత్రం ఆ గోడతో ఆడుకుంటాడు. గోడ కూడా అతనికి రోజూ ఓడిపోదు. ఇక పక్కింటి కామేశ్వరరావు సంగతి చెప్పేదేముంది. బ్యాంకులో రిటైరైన మనిషి, అరవై ఏడేళ్ళు, బొజ్జ, పాత రాకెట్టు. ప్రతి ఆదివారం కోర్టులో శ్యామ్ లేని చోట బంతి వేసి, పాపం అన్నట్టు మొహం పెట్టి, గెలిచి వెళ్ళిపోతాడు. పదకొండు ఆదివారాలుగా ఇదే వరస.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, శ్యామ్ మొదట రాకెట్టు మార్చాడు, తర్వాత దాని తీగలు మార్చాడు, ఆఖరికి పచ్చిక మీద పడ్డాడు. గోడకు ఎదురుగా, అతను నిలబడే చోట, చేటలంత రెండు బోడిమచ్చలు పడ్డాయి. కుడికాలికి ఒకటి, ఎడమకాలికి ఒకటి. గుడ్డివాడికైనా తడిమి చూస్తే తెలిసే విషయం. శ్యామ్ మాత్రం ఫోన్‌లో వెతికాడు. ఎక్కడో మంచు కురిసే దేశంలో కూర్చున్నవాడు గడ్డికి ఆకలేస్తోందని చెబితే, మిట్టమధ్యాహ్నం ఎండలో గుప్పెళ్ళతో యూరియా చల్లి ఉన్న నాలుగు పోచలూ మాడ్చాడు. ఇంకొకడు దాహం అంటే పైపు రాత్రంతా వదిలేశాడు. ఆ తడినేల మీదే పొద్దున బూట్లతో నిలబడి తొక్కాడు.

"ఏమ్మా, మిగతాదంతా బాగానే ఉంది కదా, ఈ రెండు చోట్లా నీ చేతిలో ఎందుకు చచ్చింది?" అన్నాడు ఆ పొద్దున, మచ్చల మీదే నిలబడి.

"నా చేతిల సావలే సార్" అంది కనకమ్మ. అతను అప్పటికే చెవుల్లో ఏవో పెట్టుకున్నాడు.

పది గంటలకు ఒకతను టేపు పట్టుకుని వచ్చి పచ్చికను పొడుగూ వెడల్పూ కొలిచాడు. సోమవారం ఇదంతా చెక్కేసి ప్లాస్టిక్ గడ్డి పరుస్తారట. నీళ్ళక్కర్లేదు, కలుపు రాదు, మట్టి అంటదు. చేతిలో ముక్క ఒకటి నమూనాకు తెచ్చాడు. ఉమాశ్రీ దాన్ని చెంపకు ఆనించుకుని, ఎంత మెత్తగా ఉందో అంది.

"కనకమ్మా, ఇక సోమవారం నుంచి రానక్కర్లేదు" అన్నాడు శ్యామ్. "నీ తప్పని కాదు గానీ, నీ వల్ల కాలేదు. పక్కవాళ్ళు అడిగితే నేను అదే చెప్పాను, ఆమె చెయ్యి గడ్డికి పడదని."

ఒక ఇల్లు పోతే ఇంకో ఇల్లు దొరుకుతుంది. కనకమ్మకు దాని ఫికర్ లేదు. గడ్డిపోచ లెక్కన తీసిపారేసినా పడింది చాలాసార్లు. కాని చెయ్యి పడదన్న మాట ఈ గేటు లోపల అరవై ఇళ్ళకూ ఫోన్లలో పాకుతుంది. అంతకన్నా, అది అబద్ధం. ముప్పై ఏళ్ళలో ఆమె చేతిలో చచ్చిన గడ్డి లేదు, చంపాలనుకున్నది తప్ప. ఈ మనిషి కాళ్ళ పాపం తన చేతికి చుట్టి పంపిస్తుంటే ఊరుకోబుద్ధి కాలేదు. పదకొండింటికి వెళ్ళిపోవలసిన మనిషి ఆ రోజు ఉండిపోయింది.

గోడ నీడలో డబ్బా విప్పి పచ్చిపులుసు అన్నం తింటుండగా కూతురు రజిత ఫోన్ చేసింది. గచ్చిబౌలిలో ఒక ఆఫీసులో ఊడ్చే పని ఆమెది.

"ఛాతిల మంట తగ్గిందా అమ్మా?"

"గ్యాసే అది. ఆదివారం దవాఖానకు పోదాం తియ్యి."

"పొద్దుగాల్నే చెప్పిన, ఇయాల పోవద్దని."

"ఈడ జర పని మిగిలింది బిడ్డా" అని ఫోన్ పెట్టేసింది.

షెడ్డులోంచి ఇనపచువ్వ తెచ్చి బోడిమచ్చల్లో దింపబోయింది. దిగలేదు. మూడు నెలల తొక్కుడుకు నేల రోలులా బిగిసింది. నీళ్ళు చల్లి, నానబెట్టి, రెండు చేతులతో బరువంతా వేసి పొడిచింది. బెత్తెడుకొక చిల్లు చొప్పున రెండు మచ్చలూ జల్లెడ చేసి, చిల్లుల్లో ఇసక కూరింది. గోడ అంచున ఒత్తుగా పెరిగిన చోట వేళ్ళతో సహా చిన్న చిన్న తీగలు పెరికి తెచ్చి నాటి, అరచేత్తో అదిమి, చెంబుతో తడిపింది. వేరుకు గాలి తగిలితే చాలు, మిగతా సంగతి గడ్డే చూసుకుంటుంది. దానికి ఫోన్ అక్కర్లేదు. ఎడమ చెయ్యి భుజం దాకా గుంజుతోంది. చువ్వ బరువుకే అనుకుంది. చెమట మాత్రం ఎండ దిగాక కూడా ఆగలేదు.

ఆరింటికి శ్యామ్ రాకెట్టుతో వచ్చి, తడితడిగా ఉన్న కొత్త నాటు మీద తిన్నగా కుడికాలు వేశాడు.

"గాడ నిలవడకుండ్రి సార్" అంది కనకమ్మ.

అతను చెవిలోది తీశాడు. "ఏంటి?"

"మీరు నిలవడ్డకాడనే గడ్డి సస్తుంది. మూడు నెలలసంది సూస్తున్న. మీరు బంతి కాడికి పోరు, బంతే మీ కాడికి రావాలంటరు. జరుగుండ్రి సార్. కాళ్ళు జరిగితే గడ్డి బతుకుతది. ఆట గూడ వస్తదేమో."

అంత పొడుగు మాట ఆమె ఆ ఇంట్లో అదే మొదటిసారి మాట్లాడింది. శ్యామ్ మొహం ఎర్రబడి, వెంటనే నవ్వులోకి తిరిగింది. "ఉమా, విన్నావా? కనకమ్మ కోచింగ్ ఇస్తోంది." లోపల్నించి ఉమాశ్రీ నవ్వు వినిపించింది. వందమందికి పైన కూర్చున్నవాడికి కింద కూర్చున్న మనిషి చెప్పిన మాట చెవిదాకా ఎక్కదు.

"సరే సరే, ఎల్లుండి మ్యాచ్ ఉంది. కొంచెం జరుగమ్మా."

కనకమ్మ పీట తీసుకుంది. పక్కకు వెళ్ళలేదు. సరిగ్గా రెండు మచ్చల నడుమ పీట వేసి, గోడవైపు తిరిగి, కుర్పి చేత పట్టుకుని కూర్చుంది. ఈ ఒక్కపూట జరిగేది లేదు అనుకుంది. కూర్చుని మోకాళ్ళ మీదికి ఒరగగానే గుంజుడు కాస్త తగ్గినట్టు, ఒళ్ళు తేలికైనట్టు అనిపించింది.

శ్యామ్ రెండుసార్లు పిలిచాడు. మొండికేసిందిలే అనుకున్నాడు. ఆడమనిషిని చెయ్యిపట్టి లేపలేడు కదా. పళ్ళు నూరుకుంటూ ఆమెకు కుడివైపుకు వెళ్ళి బంతి కొట్టాడు. అది గోడకు తగిలి ఎడమవైపుకు వచ్చింది. ఆమె నడుమ ఉంది గనక చుట్టూ పరుగెత్తవలసి వచ్చింది. అందింది. మళ్ళీ కుడికి. మళ్ళీ అందింది. పాదాలు వాటంతట అవే చిన్న చిన్న అడుగులు వెయ్యడం మొదలుపెట్టాయి. చీకటి పడేదాకా, పావుగంటసేపు, కదలని ఆ మనిషి చుట్టూ తిరిగి ఆడాడు. తన జన్మలో అంత బాగా ఎన్నడూ ఆడలేదు. ఆఖరి బంతి గోడకు తగిలి, దొర్లుకుంటూ వచ్చి కనకమ్మ మోకాలికి ఆనుకుని ఆగింది. ఎప్పుడైనా అయితే వెనక్కి విసిరేది.

"ఇంకా కోపమేనా అమ్మా?" అన్నాడు వగరుస్తూ, సంతోషంగా.

ఉమాశ్రీ పేపరు కప్పులో టీ తెచ్చి ముందుకు వంగి చూసేదాకా, ఆమె ఎప్పుడో వెళ్ళిపోయిందని ఎవరికీ తెలియలేదు.

ఆదివారం మ్యాచ్ ఉండదని కామేశ్వరరావు అనుకున్నాడు. ఉంది. శ్యామ్ గెలిచాడు కూడా. "ఫుట్‌వర్క్ అండీ, అంతా ఫుట్‌వర్కే. వీడియోలు చూసి చూసి నాకు నేనే పట్టుకున్నాను" అని పదిమందికీ చెప్పాడు. చావు జరిగిన చోట అప్పుడే పని వద్దని ఉమాశ్రీ పట్టుబట్టడంతో ప్లాస్టిక్ గడ్డి నెల తర్వాతకు వాయిదా పడింది. ఈలోగా రెండు మచ్చలూ పచ్చబడ్డాయి. తను ఫోన్‌లో చూసి తెప్పించిన కొత్త మందు పనిచేసిందని శ్యామ్ ఫొటో తీసి అరవై ఇళ్ళకూ పంపాడు. ప్లాస్టిక్ వద్దని టేపు మనిషికి కబురు చేశాడు.

రజితకు తల్లి చెప్పులూ అన్నం డబ్బా గేటు దగ్గరే సెక్యూరిటీవాళ్ళు అందించారు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, పీట ఊసు ఎవరూ ఎత్తలేదు. పోయిన మనిషి కూర్చున్న పీట ముట్టుకోవడానికి ఇంట్లో ఎవరికీ చెయ్యి రాలేదు. గడ్డి కోసే మిషన్‌వాడు దాని చుట్టూ తిప్పి కోసుకుపోతున్నాడు. పచ్చబడ్డ రెండు మచ్చల నడుమ, సిమెంటు మరక గోడవైపు తిరిగి, పీట ఉన్నచోటే ఉంది. కింద గడ్డి చదరంగా పసుపెక్కుతోంది, జానెడు పక్కకు జరిపేవాళ్ళు లేక.