నలభై ఒకటో పొర

మా బావకి నా ఉద్యోగమంటే నవ్వులాట. నేను పరమాణువుల మీద లెక్కలు వేస్తాను. అతను పరమాణువుల్ని నిజంగానే వరసగా పేర్చి, కంటికి ఆనని పలచటి పొరలు తయారుచేస్తాడు. ఇద్దరిదీ ఒకే సంస్థ. నాది మూడో అంతస్తు, అతనిది సెల్లారు. ఇంటికి వచ్చినవాళ్ళు నన్ను ఏం చేస్తుంటావమ్మా అని అడగడమే ఆలస్యం, నేను నోరు తెరిచేలోగా బావ అందుకుంటాడు.

"మా మరదలు గాల్లో మేడలు కడుతుందండీ. దానికి జీతం కూడా ఇస్తున్నారు."

నాకు ఒళ్ళు మండేది. ఎందుకంటే మా పద్ధతి ఎవరి ముందూ చేయి చాచదు. కొలిచి తెచ్చిన సంఖ్య ఒక్కటి కూడా మాకు అక్కర్లేదు. ఇక్కడ ఫలానా పరమాణువుంది, దాని పక్కన ఫలానాది ఉంది అని చెబితే చాలు. వాటి ఎలక్ట్రాన్లు ఎలా సర్దుకుంటాయో మూల సూత్రాల నుంచే కంప్యూటరు లెక్కగట్టి చెబుతుంది. ఈ సంగతి తలుచుకుంటే నాకు కాస్త పొగరు. కాస్త అనేది నా మాట, అక్క మాట వేరు.

బావ లాబుని నేను కొలిమి అంటాను. అక్కడ ఉన్నదల్లా గాలి లాగేసిన ఒక ఉక్కు గది, దానికి నాలుగు పంపులు, వేడి సమంగా ఉండాలని చుట్టూ చుట్టిన వంటింటి అల్యూమినియం కాగితం. నాలుగు పంపుల్లో ఏది ఏ రోజు అలుగుతుందో చెప్పలేం. బావ రోజులో సగం వాటిని బుజ్జగించడంతోనే సరి.

కిందటేడు నేనొక లెక్క వేశాను. ఒకానొక ఆక్సైడుని మూడే మూడు పరమాణువుల మందాన పొరగా పరిస్తే, అది నీటి అణువుని ఉడుంపట్టు పడుతుందని, మూడు వందల డిగ్రీల దాకా వేడి చేస్తే తప్ప వదలదని తేలింది. పొడిగాలిలోంచి తేమ లాగడానికి ఇంతకంటే ఏం కావాలి? పరిశోధన పత్రికలో పేపరు అచ్చయింది. అదే సమయంలో బావకి మూడేళ్ళ కాంట్రాక్టు ముగింపుకొస్తోంది. ఏదో ఒక గట్టి ఫలితం చూపించకపోతే పొడిగించరు. పట్టుకుంటే ఈ పొరనే పట్టుకుంటానన్నాడు.

ఎనిమిది నెలల్లో నలభై పొరలు చేశాడు. నలభైకి నలభై పొరలూ తొంభై డిగ్రీల దగ్గరే నీటిని వదిలేశాయి. వదిలేసిన ప్రతిసారీ ఫోను చేసేవాడు.

"మళ్ళీ తొంభైకే వదిలేసిందే."

"పొరలో మురికి పడి ఉంటుంది బావా. శుభ్రంగా మళ్ళీ చెయ్యి."

నలభై సార్లూ ఇదే జవాబు. ఒకసారి పళ్ళు తోముకుంటూ కూడా చెప్పాను.

అక్క మందుల షాపులో పనిచేస్తుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా దగ్గేవాళ్ళనీ తుమ్మేవాళ్ళనీ ఓపిగ్గా భరించి, మిగిలిన చిరాకంతా మా మీద చూపించేది. "సోమవారం మీటింగు గట్టెక్కకపోతే మీ బావ ఉద్యోగం ఊడినట్టే. తరవాత ఏ ఊరు పోవాలో, ఎవరు తీసుకుంటారో తెలీదు. మీరిద్దరూ ఆ నీటిబొట్టు దగ్గరే కూచోండి," అని మీటింగు ముందు వారమంతా సణిగింది.

గురువారం సాయంత్రం బావ ఐస్‌క్రీము డబ్బాతో మా ఇంటికొచ్చాడు. చెప్పులు విప్పకుండానే అరిచాడు.

"మూడు వందల పది! నలభై ఒకటోది మూడు వందల పదికి గానీ వదల్లేదు! మరదలా, నీ నోట్లో చక్కెర పొయ్యా!"

డబ్బా చేత్తో పట్టుకునే హాల్లో ఒక చుట్టు గెంతాడు. నేను "ఇప్పటికైనా మురికి వదిలిందన్నమాట" అన్నాను, పెద్దమనసు చేసుకుని. ఐస్‌క్రీము తిన్నాం. వెళ్ళేముందు ఒక్క కోరిక కోరాడు.

"సోమవారం చూపించడానికి మంచి బొమ్మ ఒకటి చేసిపెట్టు. చిన్న పెట్టెలో నాలుగు గోలీలు కాదు. పొర అంతా విశాలంగా, కంటికి నిండుగా ఉండాలి."

మా లెక్కలో ఒక కిటుకుంది. పొరలో కోట్లాది పరమాణువులుంటాయి, అన్నిటినీ కంప్యూటరు మొయ్యలేదు. అందుకని ఒక చిన్న పెట్టెలో పొర ముక్కనీ ఒక నీటి అణువునీ ఉంచి, అదే పెట్టె పక్కలకీ కిందికీ పైకీ అంతులేకుండా ఉన్నట్టు లెక్క కడతాం. అంటే మన పొర పైన మళ్ళీ మన పొరే ఉంటుంది. రెండూ ఒకదాన్నొకటి తాకకుండా మధ్యలో బోలెడు ఖాళీ వదలాలి. ఆ ఖాళీకి కూడా కంప్యూటరు లెక్క కట్టాల్సిందే, దానికీ సమయం పడుతుంది. ఏమీ లేని చోటు కోసం కూడా కంప్యూటరు క్యూలో నిలబడాల్సిన వృత్తి మాది.

బావ అడిగాడు కదా అని, ఏడాదిగా ఒకే పెట్టెగా చూస్తున్న బొమ్మని అన్ని వైపులా పరిచాను. విశాలంగానే వచ్చింది. నీటి అణువు కింది పొర మీద కుదురుగా కూర్చుని ఉంది. దాని హైడ్రోజన్లు రెండూ పైకెత్తి ఉన్నాయి. ఎత్తి, పైపెట్టెలోని పొర అడుగుని పట్టుకుని ఉన్నాయి.

పొర నీటిని ఉడుంపట్టు పట్టడం కాదు. నేనే దాన్ని రెండు పొరల మధ్య ఇరికించాను. పైనుంచి ఒకటి, కిందనుంచి ఒకటి పట్టుకుంటే ఏ నీరు మాత్రం ఎక్కడికి పోతుంది?

పాత ఫైళ్ళన్నీ తిరగేశాను. 'ఫైనల్', 'ఫైనల్ కొత్తది', 'ఫైనల్ ఇదే', 'ఇదే ఇదే' అని నాలుగున్నాయి. త్వరగా ఒకసారి చూసుకుందామని 'ఫైనల్ కొత్తది'లో ఖాళీని ఇరవై నుంచి ఆరు ఆంగ్‌స్ట్రాములకి తగ్గించాను. ఆంగ్‌స్ట్రాము అంటే మీటరుని వెయ్యి కోట్ల ముక్కలు చేస్తే వచ్చే ఒక్క ముక్క. తరవాత మళ్ళీ ఇరవై చెయ్యాలనుకున్నాను. చెయ్యలేదు. దాన్నే కాపీ చేసుకుంటూ పోయాను. అచ్చయింది 'ఇదే ఇదే'.

ఖాళీని సరిచేసి శుక్రవారమంతా లెక్క నడిపాను. సాయంత్రానికి జవాబొచ్చింది. పొర నీటిని తొంభై నాలుగు డిగ్రీలకే వదిలేస్తుంది.

అంటే నలభై పొరలూ నిజమే చెప్పాయి. అబద్ధమాడింది నేను, నాకు వంతపాడింది నలభై ఒకటోది.

నిజం చెప్పాలంటే నోరు మూసుకుందామనే అనుకున్నాను. సోమవారం అందరూ సంతోషంగా ఉంటారు, బావ ఉద్యోగం నిలుస్తుంది, నా పేపరు చెక్కుచెదరదు. కానీ ఆర్నెల్లు తిరిగేసరికి ఇంకెవరో ఆ పొర చేసి చూస్తారు. అప్పుడు దొంగ ఫలితమని వేలెత్తి చూపించేది బావనే. కంప్యూటరు ముందు కూర్చున్నదాన్ని ఎవరూ అడగరు.

శనివారం పొద్దున కొలిమికి దిగాను. బావ ఉక్కు గదికి కొత్త అల్యూమినియం కాగితం చుడుతూ ఈల వేస్తున్నాడు.

"బావా, నా లెక్క తప్పు."

ఈల ఆగింది. మొత్తం చెప్పాను, 'ఇదే ఇదే'తో సహా.

"ఎనిమిది నెలలే!" అన్నాడు. కాగితం చుట్టని నేలకేసి కొట్టాడు. అది దొర్లుకుంటూ బల్ల కిందికి పోయింది, తీయడానికి ఇద్దరం వంగితే తలలు ఢీకొన్నాయి. బల్ల కిందే కూర్చుని తల రుద్దుకుంటూ అతను మళ్ళీ అడిగాడు.

"మరి నలభై ఒకటోది మూడు వందల పదికి వదిలింది ఏమిటి? కొలిచే యంత్రం నీరనే చెప్పింది."

"దానికేమైనా తేడాగా చేశావా?"

"పొర అలాగే చేశాను. బిగించే క్లిప్పు విరిగిందని వేడికి తట్టుకునే పింగాణీ పేస్టుతో అంటించానంతే. అది కాస్త పొర మీదికంతా పాకింది."

ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. పొర ఏమీ లేకుండా ఉత్త పలక మీద కాస్త పేస్టు రాసి, ఆరబెట్టి, లోపల పెట్టి వేడి చేశాడు. తొంభై దాటింది, రెండు వందలు దాటింది, కిక్కురుమనలేదు. మూడు వందల పదికి యంత్రం తెర మీద నీటి గీత నిటారుగా లేచింది. మేం ఐస్‌క్రీము తిన్నది జిగురులో తడికి.

"ఇది మీ అక్కకి నువ్వే చెప్పు," అన్నాడు బావ.

చెప్పాను. అక్క అటక మీంచి సూట్‌కేసులు దింపి దుమ్ము దులపడం మొదలెట్టింది. అంతకంటే తిట్టినా బాగుండేది.

సోమవారం మీటింగులో ఐదుగురున్నారు. అధ్యక్షురాలిని అందరూ పెద్దమేడమ్ అంటారు. ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూస్తే ఎంతటివాళ్ళైనా చేతులు కట్టుకుంటారు. ముందు నేను లేచి నా తప్పుని నా బొమ్మతోనే చూపించాను, పత్రికకి సవరణ పంపానని చెప్పాను. తరవాత బావ నలభై పొరల గీతల్నీ ఒకే తెర మీద వేశాడు. ఎనిమిది నెలల పాటు, అలిగిన పంపులతో, వేరు వేరు రోజుల్లో చేసిన నలభై గీతలు ఒకదాని మీద ఒకటి పడి ఒకటే గీతలా కనిపించాయి.

పెద్దమేడమ్ పెన్నుతో తెర వైపు చూపించింది.

"ఇవన్నీ పనికిరావని పక్కన పడేశారా?"

"పడేశాను మేడమ్."

"ఇలా నలభై సార్లు ఒకే జవాబు రాబట్టే చెయ్యి ఈ సంస్థలో ఇంకోటి ఉంటే చూపించండి," అంది పక్కవాళ్ళతో. బావ కాంట్రాక్టు రెండేళ్ళు పొడిగించారు. అక్కకి మెసేజి పెడదామని ఫోను తీశాను.

పెద్దమేడమ్ ఫైలు మూస్తూ మూస్తూ ఆగింది.

"ఒక్క సంగతి మాత్రం అర్థం కావడం లేదు. నలభై సార్లు మీ పొర ఒకటే చెప్పింది. ఆ లెక్క మీద మీకు ఒక్కసారైనా అనుమానం రాలేదా?"

బావ ఏదో హాస్యమాడతాడని, గాల్లో మేడల సంగతి ఎత్తుతాడని అనుకుని పళ్ళు బిగబట్టాను.

"లేదు మేడమ్," అన్నాడు. "లెక్క మా మరదలిది కదా. నా కళ్ళే సరిగ్గా లేవేమో అనుకుని మధ్యలో ఒకసారి అద్దాలు కూడా మార్పించుకున్నాను."

గదిలో అందరూ నవ్వారు, పెద్దమేడమ్ కూడా నవ్వింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది.